ఆ ‘ఆన్‌లైన్ బిజినెస్’ను మీ కొట్టు లెక్కలతోనే అడగండి

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఒక మండల కేంద్రం. ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అబ్బాయి ఈసీఈలో బీటెక్ పూర్తి చేసి ఏడాది దాటింది. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి జావా కోర్సు కూడా చేశాడు, ఇంకా ఉద్యోగం రాలేదు. నెల కిందట కాలేజీ ఫ్రెండ్ ఒకడు మాదాపూర్‌లో ఏదో హోటల్లో ఆదివారం మీటింగ్ ఉందని తీసుకెళ్లాడు. అప్పటి నుంచి వాడి నోట ‘ఆన్‌లైన్ బిజినెస్’ తప్ప ఇంకో మాట లేదు. లక్షా 75 వేలు కడితే సొంత ఈ-కామర్స్ బిజినెస్ మొదలవుతుందట, ఆరు నెలల్లో నెలకు లక్ష వస్తుందట. వాళ్లమ్మ గాజులు కుదువ పెట్టమంటున్నాడు. వద్దంటే ‘నీకు కొట్టు తప్ప బిజినెస్ తెలియదు నాన్నా’ అంటున్నాడు. ఈ నెలాఖరులోగా కట్టకపోతే అవకాశం పోతుందట. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండీ. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది డబ్బు కట్టి చేరి, ఇంకొందరిని చేర్పిస్తే కమీషన్ ఇచ్చే గొలుసుకట్టు స్కీమ్‌లా ఉంది. ముందు గాజుల సంగతి. కుదువ పెట్టకండి. మీ అబ్బాయి లోన్ యాప్‌లోనో, క్రెడిట్ కార్డు ఈఎంఐలోనో తీసుకుంటానని అనవచ్చు. మీటింగుల్లో ఆ దారి కూడా వాళ్లే చూపిస్తారు కాబట్టి, ఆ మాట రాకముందే ‘అప్పు మాత్రం వద్దు, మిగతాది కూర్చుని మాట్లాడుకుందాం’ అని చెప్పి ఉంచండి.

ఇక మీకు బిజినెస్ తెలియదన్న మాట. ముప్పై ఏళ్లు కొట్టు నిలబెట్టిన మనిషికి తెలిసినంత బిజినెస్ ఆ హోటల్ హాల్లో మైకు పట్టుకున్నవాడికి తెలుసని నేననుకోను. కొట్టులో కొత్త సరుకు పెట్టేముందు మీరేం చూసుకుంటారు? ఎంతకు కొంటున్నాం, ఎంతకు అమ్ముడుపోతుంది, ఎవరు కొంటారు, వచ్చే నెల మళ్లీ వచ్చి కొంటారా, అమ్ముడుపోకపోతే ఏజెన్సీవాడు వెనక్కి తీసుకుంటాడా. ఇవే ప్రశ్నలు మీ అబ్బాయిని అడగండి. తప్పు పట్టే గొంతుతో కాకుండా, నిజంగా తెలుసుకునేవాడిలా అడగండి. కంపెనీ అమ్మేది ఏమిటి? వాచీయా, హాలిడే ప్యాకేజీయా, వీడియో కోర్సా? అదే వస్తువు ఈ స్కీమ్‌తో సంబంధం లేకుండా బజార్లో దొరికితే ఆ ధర పెట్టి ఎవరైనా కొంటారా? కమీషన్ ఆశ లేకుండా, ఆ వస్తువు కోసమే కొన్నవాళ్లు నీకు తెలిసి ఒక్కరైనా ఉన్నారా? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామంది పిల్లలు ఆగిపోతారు. సరుకు కోసం వచ్చే గిరాకీ లేదని, ఉన్నదల్లా చేరేవాళ్లేనని వాళ్లకే అర్థమవుతుంది.

చేరేవాళ్ల మీద నడిచే లెక్క ఎక్కడ తెగుతుందో కాగితం మీద వేసి చూపించండి, ఇంజనీరింగ్ చదివినవాడు కాదనలేడు. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్చాలనుకుందాం. మొదటి వరుసలో 5, రెండో వరుసలో 25, మూడో వరుసలో 125. పదకొండో వరుసకు వచ్చేసరికి 4 కోట్ల 88 లక్షల మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ మొత్తం మూడున్నర కోట్లు. ‘అంత దూరం ఎవరు పోతారు సార్, మనం ముందే చేరుతున్నాం’ అని వాళ్లు జవాబు చెబుతారు. అసలు కిటుకు అక్కడే ఉంది. గొలుసు ఎంత పొడవున్నా, ఏ రోజు ఆపి చూసినా, అందులో దాదాపు 80 శాతం మంది అట్టడుగు వరుసలోనే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు. పై వరుసను కూడా కలుపుకుంటే 96 శాతం. ఆ పై వరుసవాళ్లకు దొరికింది తలా ఐదుగురే. ఐదుగురి మీద వచ్చే కమీషన్‌తో లక్షా 75 వేలు తిరిగొస్తుందో లేదో వాళ్ల ప్లాన్ చూసి మీ అబ్బాయినే కూడమనండి. ఐదుగురు కాదు, ‘లెఫ్ట్ రైట్’ ఇద్దరు చాలు అనే ప్లాన్లు కూడా ఉన్నాయి. అందులోనూ ఎప్పుడు చూసినా సగం మంది కింద ఎవరూ ఉండరు.

ఇంత చిన్న లెక్క ఇంజనీరింగ్ కుర్రాడికి ఎందుకు తట్టలేదని మీకు కోపం రావచ్చు. ఆ మీటింగులో లెక్క వేసుకునేంత తీరిక ఇవ్వరండీ. ఫార్మల్ బట్టలు వేసుకుని రమ్మంటారు, ఫోన్లు ఆపమంటారు. ఒకడు వచ్చి తన పేదరికం చెప్పి ఏడుస్తాడు, ఇంకొకడు కారు తాళాలు చూపిస్తాడు. ప్రతి ఐదు నిమిషాలకూ చప్పట్లు. ఆ తర్వాత తీసుకొచ్చిన ఫ్రెండ్, వాణ్ణి చేర్పించిన పై వరుసవాడు, అంటే ‘అప్‌లైన్’, ఇద్దరూ చెరో పక్కన కూర్చుని ‘నీ డ్రీమ్ ఏంటి?’ అని అడుగుతారు. ఏడాదిగా బంధువులందరూ ‘ఇంకా జాబ్ రాలేదా’ అని అడుగుతుంటే తలవంచుకుని తిరుగుతున్న పిల్లవాణ్ణి ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. వాడికి అక్కడ దొరికింది డబ్బు ఆశ ఒక్కటే కాదు. పేరు పెట్టి పిలిచి, షేక్‌హ్యాండ్ ఇచ్చి, ‘నువ్వు లీడర్‌వి’ అనే మనుషులు దొరికారు. కెరీర్ సలహా కోసం నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇలాంటి వాటిలో చేరినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. చాలామంది చురుకైనవాళ్లే, ఖాళీగా ఉండలేక చేరినవాళ్లే.

ఇంకో సంగతి. ‘మీ ఇంట్లోవాళ్లు వద్దంటారు, అది వాళ్ల ప్రేమ, కానీ వాళ్లకు తెలియదు’ అని వాళ్లు ముందే చెప్పి పంపిస్తారు. మీరు అరిచినకొద్దీ వాళ్లు చెప్పింది నిజమైనట్టు మీ అబ్బాయికి తోస్తుంది. అందుకే అరవొద్దంటున్నాను.

ఇది కొత్త సంగతేం కాదు. నోయిడా కేంద్రంగా నడిచిన ఈబిజ్ అనే కంపెనీ ఆన్‌లైన్ కంప్యూటర్ కోర్సుల పేరుతో 16,821 రూపాయలు కట్టించుకునేది. చేరినవాళ్లు ఇంకొందరిని చేర్పిస్తే కమీషన్. మన కాలేజీల పిల్లలు బోలెడుమంది చేరారు. 2019 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఆ కంపెనీ ఎండీని, ఆయన కొడుకును అరెస్టు చేశారు. అప్పటిదాకా అది కూడా రిజిస్టరైన కంపెనీయే, వెబ్‌సైటు ఉన్న కంపెనీయే. మీ అబ్బాయి ‘మాది రిజిస్టర్డ్ నాన్నా, జీఎస్టీ ఉంది, కమీషన్ మీద టీడీఎస్ కూడా కట్ చేస్తారు’ అని అంటాడు చూడండి. కంపెనీని రిజిస్టర్ చేయడమంటే దాని స్కీమును ప్రభుత్వం పరిశీలించి సరేనన్నట్టు కాదు. జీఎస్టీ నంబర్ మీ కొట్టుకూ ఉండే ఉంటుంది. టీడీఎస్ కోస్తున్నారంటే పన్ను వసూలవుతోందని మాత్రమే అర్థం.

చట్టం ఏమంటుందో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది మీ అబ్బాయి కెరీర్‌కు నేరుగా తగిలే విషయం. మనుషులను చేర్పించి డబ్బు తిప్పే పథకాలను 1978లోనే కేంద్రం నిషేధించింది. ఆ చట్టం ప్రకారం పథకం పెట్టినవాడిది ఒక్కడిదే తప్పు కాదు. అందులో సభ్యులను చేర్పించడం, పాల్గొనడం కూడా నేరమే. మూడేళ్ల వరకూ జైలుశిక్ష పడవచ్చు. కంపెనీ మీద కేసు పడిన రోజున మీ అబ్బాయి చేర్పించిన పదిమందిలో ఎవరో ఒకరి తండ్రి పోలీస్ స్టేషన్‌లో మీ అబ్బాయి పేరే చెబుతాడు. ఆయనకు తెలిసిన మొహం అదే కదా. రేపు పాస్‌పోర్టుకో, ప్రభుత్వ ఉద్యోగానికో పోలీస్ వెరిఫికేషన్ వచ్చినప్పుడు ఆ కేసు అడ్డంగా నిలబడుతుంది. దుకాణం లేకుండా మనుషుల ద్వారా సరుకును నేరుగా అమ్మించే ‘డైరెక్ట్ సెల్లింగ్’ అంతా నేరమని నేననడం లేదు. దానికి 2021 డిసెంబర్‌లో వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్రం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం, కొత్తగా చేరేవాళ్ల డబ్బుతో పైవాళ్లకు ఇచ్చే పిరమిడ్ పథకాలు నడపకూడదు. ‘ఇంకొందరిని తీసుకొస్తే నీ డబ్బు నీకు వచ్చేస్తుంది’ అని ఆశ చూపి వస్తువు అంటగట్టకూడదు. చేరడానికి ఫీజు అడగకూడదని 2016 మార్గదర్శకాల్లోనే ఉంది. అందుకే ఇప్పుడు ఎవరూ దాన్ని ఫీజు అనరు, ‘ప్రొడక్ట్ కొంటున్నావు’ అంటారు. మీ అబ్బాయి ఆ లక్షా 75 వేలను ఏమని పిలుస్తున్నాడో గమనించండి.

డబ్బు పోవడం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది నేమ్ లిస్టు. చేరిన మొదటి వారంలోనే వంద పేర్లు రాయమంటారు: క్లాస్‌మేట్లు, సీనియర్లు, బావలు, మేనమామలు, పాత ట్యూషన్ మాస్టారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, విషయం చెప్పకుండా, ‘ఒక మంచి ఆపర్చునిటీ ఉంది, ఆదివారం కలుద్దాం’ అని పిలవాలి. మీ అబ్బాయిని వాడి ఫ్రెండ్ పిలిచినట్టే. ఇప్పుడు ఆ వంద పేర్లను నా కళ్లతో చూడండి. ఈసీఈ చదివి ఐటీలోకి పోదామనుకునే, క్యాంపస్ సెలెక్షన్ రాని పిల్లవాడికి మొదటి ఉద్యోగం చాలాసార్లు ఎలా వస్తుంది? కంపెనీలో ఉన్న సీనియర్ రిఫరల్ ఇస్తే వస్తుంది. ఆ సీనియర్ ఆ లిస్టులోనే ఉన్నాడు. మాదాపూర్ మీటింగుకు వచ్చి చప్పట్లు కొట్టి, చిరాకుపడి వెళ్లిన మనిషి, ఆరు నెలల తర్వాత ‘అన్నా, మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉన్నాయా’ అని ఫోన్ చేస్తే ఎత్తడు. మళ్లీ అదేదో స్కీమ్ అనుకుంటాడు. అమెరికా వెళ్లిన మనవాళ్లను అడిగి చూడండి. వాల్‌మార్ట్‌లో ఎవరైనా ‘మీరు తెలుగా?’ అని నవ్వుతూ పలకరిస్తే ముందు అనుమానించే స్థితికి వచ్చారంటారు. కంపెనీకి మీ అబ్బాయి కట్టే డబ్బుతోపాటు వాడి పరిచయాలన్నీ పెట్టుబడే. డబ్బయితే మళ్లీ సంపాదించుకోవచ్చు.

అబ్బాయిని ఈ ఆదివారం ఇంటికి రమ్మనండి. మీటింగ్ కూడా ఆదివారమే ఉంటుంది కాబట్టి రాననవచ్చు. అప్పుడు మీరే వెళ్లండి. ఒప్పుకుంటాననో, ఒప్పుకోననో చెప్పకుండా రెండు కోరికలు కోరండి. ఒకటి, పదిహేను రోజుల గడువు. ఆరు నెలల్లో లక్ష ఇచ్చే బిజినెస్ పదిహేను రోజులు ఆగితే పోదు. ‘ఈ రాత్రికే కట్టాలి, ఆఫర్ పోతుంది’ అని వాళ్లు తొందరపెడితే ఆ తొందర ఎవరిదో అబ్బాయికే కనిపిస్తుంది. రెండోది, వాడి అప్‌లైన్ నిజంగా ఎంత సంపాదించాడో చూపించమనండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ వద్దు, ఎవరైనా తయారు చేయొచ్చు. ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి లాగిన్ అయి, అందరూ ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదికను మీ ముందు తెరవమనండి. టీడీఎస్ కోస్తున్నామని వాళ్లే అంటున్నారు కదా, ఏడాదంతా వచ్చిన కమీషన్ అందులో కనపడాలి. అందులోంచి మీటింగుల టికెట్లు, ట్రైనింగులు, ప్రయాణాలు, ‘యాక్టివ్‌గా ఉండటానికి’ కొన్న సరుకు ఖర్చు తీసేయాలి. మీ కొట్టులో గల్లాపెట్టెలో పడిందంతా లాభం అనుకుంటే ఎన్నాళ్లు నడిచేది?

మీ అబ్బాయికి నిజంగానే ఆన్‌లైన్‌లో అమ్మాలన్న ఆసక్తి ఉందనుకోండి, అది మంచి సంగతే, దాన్ని మాత్రం చంపకండి. అమెజాన్‌లో, మీషోలో అమ్మకందారుగా ఖాతా తెరవడానికి లక్షలు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఉచితం. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ ఫీజు లేదు. సొంత రాష్ట్రం లోపలే అమ్ముకునే చిన్న వ్యాపారులకు, అమ్మకాలు జీఎస్టీ పరిమితి దాటనంత వరకూ జీఎస్టీ లేకుండానే ఈ-కామర్స్ సైట్ల ద్వారా వస్తువులు అమ్మే వీలు 2023 అక్టోబర్ నుంచి ఉంది. మీది ఖమ్మం మిర్చి పండే చోటు. కొట్టులోంచే మంచి కారం, పసుపు ప్యాక్ చేసి పెట్టాలంటే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర బేసిక్ రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలు. ప్యాకింగ్, ఫోటోలు, రిటర్నుల గోల, కొరియర్ లెక్కలు చూసుకుంటూ ఓ పదివేలతో మూడు నెలలు ప్రయత్నించమనండి. పెద్దగా మిగలకపోవచ్చు. కానీ డిజిటల్ మార్కెటింగ్ ఇంటర్వ్యూలో ‘నేను ఇన్ని ఆర్డర్లు పంపాను, ఇంత రిటర్న్ వచ్చింది’ అని చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. గూగుల్ స్కిల్‌షాప్‌లో ప్రకటనల కోర్సులు ఉచితంగానే ఉన్నాయి. మనుషులతో మాట్లాడటం బాగా వచ్చనిపిస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇన్‌సైడ్ సేల్స్ (ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో అమ్మే పని), బ్యాంకుల్లో సేల్స్ ఉద్యోగాలు ఉన్నాయి. టార్గెట్ల టెన్షన్ ఉంటుంది, కానీ మొదటి నెల నుంచి జీతం వాళ్లే ఇస్తారు, మనం కట్టనక్కర్లేదు.

ఒకవేళ మీకు చెప్పకుండా ఇప్పటికే ఎంతో కొంత కట్టేసి ఉంటే తిట్టకుండా రసీదు, ఒప్పందం, వాట్సాప్ మెసేజీలు, డబ్బు పంపిన యూపీఐ వివరాలు అన్నీ భద్రం చేయించండి. 2021 నిబంధనల్లో మనసు మార్చుకుని వెనక్కి రావడానికి గడువు ఉంటుంది. ఒప్పందంలో ఎన్ని రోజులని రాశారో చూసి, ఆలోపే ఈమెయిల్‌లో రద్దు కోరమనండి. ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో మోసం చేసి డబ్బు లాగారనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆలస్యం చేయకుండా చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఖాతాల్లో ఆగే అవకాశం అంత ఎక్కువ.

తీసుకెళ్లిన ఆ ఫ్రెండ్ మీద విరుచుకుపడకండి. వాడూ ఎక్కడో గాజులో, పొలం కాగితాలో పెట్టి కట్టి ఉంటాడు, ఇప్పుడు అది రాబట్టుకోవడానికే మీ అబ్బాయి దగ్గరికి వచ్చి ఉంటాడు. వీలైతే వాణ్ణి కూడా భోజనానికి పిలిచి, ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఇప్పటిదాకా ఎంత కట్టాడో, ఎంత వచ్చిందో వాడి నోటితోనే చెప్పించండి. వాడి దగ్గర రసీదులు ఉంటే 1915 నంబర్ వాడికీ పనికొస్తుంది.