ధర్మాబాద్, బాసర ఊళ్లను పోల్చి రైతుబంధు ఫలితం తేల్చవచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: ఎంఏ ప్రాజెక్టుకు నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా ఊళ్లనూ, రాష్ట్ర సరిహద్దు గీతకు అవతల తెలంగాణలోని బాసర, ముధోల్ వైపు ఊళ్లనూ పోల్చి రైతుబంధుతో అప్పులు తగ్గాయని చూపించవచ్చా? ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ అమెరికాలోని న్యూజెర్సీలో చేసిందీ ఇదే కదా?

పోల్చవచ్చు. కానీ కార్డ్, ఆయన తోటి రచయిత క్రూగర్ 1994 పేపరులో పోల్చింది మార్పును. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెరిగింది, పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. పెంపుకు ముందోసారి, తర్వాతోసారి రెండు వైపులా ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో పనివాళ్లను లెక్కగట్టారు. మీ దగ్గర ఆ "ముందు" లేదు. ఇవాళ పోయి అప్పెంత అని అడిగితే, 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని విడగొట్టినప్పటి నుంచి పేరుకున్న తేడా అంతా రైతుబంధు ఖాతాలో పడుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు 2018. తెలంగాణలో జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు, మేలో ఎకరాకు సీజనుకు 4,000 చొప్పున రైతుబంధు. ఇవతల మహారాష్ట్రలో 2017లో లక్షన్నర దాకా రుణమాఫీ, 2019 డిసెంబరులో రెండు లక్షల దాకా ఇంకో మాఫీ ప్రకటన. గీత దాటగానే ఇన్ని ఒకేసారి మారితే తేడా దేనివల్లో చెప్పలేం. కీల్, టిటియూనిక్ 2015లో భౌగోళిక సరిహద్దుల మీద రాసిన పేపరు హెచ్చరించేది దీని గురించే. పీఎం కిసాన్ 6,000 మాత్రం రెండు వైపులా ఒకటే, దాని గురించి బెంగ అక్కర్లేదు.

కాబట్టి ఫార్ములా కంటే ముందు రెండు మార్చండి. ఒకటి, మోటారు లేని వర్షాధారపు సోయా, పత్తి రైతులనే తీసుకోండి. ఉచిత కరెంటు వాళ్ల పొలానికి నేరుగా చేరదు. గోదావరి ఒడ్డు ఊళ్లు వదిలేయండి. గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచాలన్నది సుప్రీంకోర్టు 2013 తీర్పు. దించాక నిలిచే నీళ్లు యాసంగిలో ఒడ్డు ఊళ్ల లెక్కే మార్చేస్తాయి.

రెండు, మొత్తం అప్పు బదులు ఉద్దెర అడగండి: వానాకాలం విత్తనం, ఎరువు నగదుకు తెచ్చారా, దుకాణంలో ఉద్దెర పెట్టారా, కోతకు ఎంత కలిపి కట్టారు? మాఫీ తాకేది బ్యాంకు, సొసైటీ బాకీనే, అడ్తి దుకాణం ఖాతాను కాదు. మాఫీ వచ్చినవాడికి బ్యాంకు మళ్లీ అప్పిస్తే ఉద్దెరా తగ్గుతుంది నిజమే, అందుకని మాఫీ వచ్చిందా లేదా అన్నది విడిగా రాసుకోండి. బాకీ కూడా కావాలంటే మార్చి నెలాఖరు లెక్క వద్దు. పంట రుణం కట్టి మళ్లీ ఎత్తే రోజులవి, వారం తేడాలో సున్నా కాస్తా లక్ష అవుతుంది. జూన్ విత్తనాల నాటిది అడగండి. "ముందు" కోసం సొసైటీ ఆడిట్ పుస్తకాల్లో 2015 నుంచి 2017 దాకా బాకీలు చూడండి. ప్రైవేటు అప్పు అందులో ఉండదు, కానీ అన్నేళ్ల నాటి సంగతి గుర్తు చేసుకుని చెప్పే మాట కంటే నయం.

ఎక్కువమంది దెబ్బతినేది భూమి కాలమ్ దగ్గర. మహారాష్ట్ర భూమి రికార్డు సాత్‌బారాలో 1.20 అంటే హెక్టారు 20 ఆర్‌లు (ఆర్ అంటే హెక్టారులో నూరో వంతు), సుమారు 2.97 ఎకరాలు. అవతలి పట్టాదారు పాస్‌బుక్కులో 1.20 అంటే ఎకరం 20 గుంటలు, అంటే ఎకరన్నర. రెండూ ఒకే కాలమ్‌లో దించితే ఇవతలి రైతు భూమి సగానికి పడిపోతుంది, ఎకరా లెక్కన తీసే ప్రతి అంకె తప్పుతుంది. రెండు కాలమ్‌లు పెట్టి, ఎకరాల్లోకి మార్చడం ఎక్సెల్‌లోనే చేయండి. ఇల్లు ధర్మాబాద్‌లో, పట్టా అవతల ఉన్నవాళ్లూ ఉంటారు. డబ్బు పట్టాను బట్టి వచ్చింది గనక ఇంటిని బట్టి కాక చెలకను బట్టి గుర్తించండి. తెలంగాణలోని కెరమెరి, మహారాష్ట్రలోని జివతి మధ్య రెండు రాష్ట్రాలూ మావే అనే ఊళ్ల జోలికి పోవద్దు, అక్కడ రెండు వైపుల పథకాలూ అందుతాయి.

ముందు-తర్వాత మార్పును రెండు వైపులా పోల్చే పై పద్ధతినే డిఫరెన్స్-ఇన్-డిఫరెన్సెస్ అంటారు. గైడు "దాని కొత్త రూపం ఎందుకు వాడలేదు?" అని అడగవచ్చు. గుడ్‌మన్-బేకన్, కాలవే-సంట్‌అన్నా 2021 పేపర్లు పట్టించుకునేది పథకం వేర్వేరు చోట్ల వేర్వేరు ఏళ్లలో మొదలైనప్పుడు. తెలంగాణలో అంతటా ఒకేసారి వచ్చింది, మీకు ఆ బాధ లేదు. 2019 అక్టోబరు నాటి ఆంధ్ర రైతు భరోసానూ కలిపితే అప్పుడు కావాలి. మీ అసలు బలహీనత వేరు: ఊళ్లు ఎన్ని తీసుకున్నా పథకం మారింది ఒక్క గీత దగ్గర, రాష్ట్రాలు రెండే. పక్కకు 12 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు తీసినా స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలో ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే అంకె) ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. డోనాల్డ్, లాంగ్ 2007లో లేవనెత్తిన అభ్యంతరం అదే. దీనికి చేయగలిగింది ఒకటుంది: మహారాష్ట్ర లోపల పది కిలోమీటర్ల దూరాన ఉత్తుత్తి గీత గీసి అదే లెక్క వేయండి. అక్కడా అంతే తేడా వస్తే మీకు దొరికింది రైతుబంధు కాదు.

కౌలు ప్రశ్న తప్పకుండా పెట్టండి. డబ్బు పట్టాదారుకు, సాగు ఇంకొకరిది. 2018 తర్వాత ఎకరా కౌలు పెరిగిందా, తగ్గిందా అన్నది ఉద్దెర కంటే ఆసక్తికరమైన పేపరు కావచ్చు.