కారవాన్‌లో చలికాలపు చెమ్మ

ప్రశ్న: తెల్లారేసరికి మా కారవాన్ (చక్రాల మీది ఇల్లులాంటి బండి) కిటికీల నిండా నీళ్లు, పరుపు అడుగున బూజు. చలి రాకుండా అన్నీ మూసే ఉంచుతున్నాం. ఏం చేయాలి?

జవాబు: అన్నీ మూసెయ్యడమే అసలు చిక్కు. ఊపిరిలోని, వంటలోని ఆవిరికి బయటికి దారి లేక, బాగా చల్లబడిన చోట నీరుగా మారుతుంది. గ్యాస్ పొయ్యి మరీ ఎక్కువ: 1 కిలో గ్యాస్ మండితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరై లోపలే చేరుతుంది. గిన్నెలకు మూతపెట్టి, పైకప్పు వెంట్ తెరిచి వండండి. రాత్రి కూడా దాన్ని కాస్త తెరిచే ఉంచండి. వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించొద్దు. నేల దగ్గరి గాలి రంధ్రాల్లో గుడ్డలు కుక్కడం ఇంకా ప్రమాదం. గాలి చాలక మంట సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రాణం తీస్తుంది.

పరుపు కింద పలక ఉంటే తీసి చెక్క పట్టీలు వేయండి, అడుగున గాలి ఆడాలి. పగలు పరుపును నిలబెట్టండి. తేమ కొలిచే హైగ్రోమీటర్‌లో అది 60 శాతం దాటనివ్వొద్దు. గాలిలోని తేమ లాగే డీహ్యూమిడిఫయర్ కొంటే, తేమ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకమే మేలు. ఫ్రిజ్‌లా గాలిని చల్లబరిచి తేమ తీసే కంప్రెసర్ రకానికి బాగా చలిగా ఉన్నప్పుడు లోపలి కాయిల్ (చల్లటి గొట్టం) మీద మంచు పేరుకుంటుంది.

వాన పడ్డాకే ఓ మూల తడిసి, వేలితో నొక్కితే గోడ మెత్తగా దిగుతోందా? అది ఆవిరి కాదు, లీకు. అతుకుల్లో నీరు దూరకుండా పెట్టిన పాత సీలెంట్ గీకేసి కొత్తది పెట్టించండి.