పెరుగన్నం పులవకుండా ఉండాలంటే

ప్రశ్న: మా బాబు ఎల్‌కేజీ చదువుతున్నాడు. ఉదయం 7.30కి కట్టి పంపిన పెరుగన్నం మధ్యాహ్నం 12.30కి పులిసిపోతోంది, సగం డబ్బా అలాగే తిరిగి వస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పెరుగుతోనే అన్నం కలిపితే మన ఎండలకు అయిదు గంటల్లో పులవడం సహజం. కాబట్టి అన్నాన్ని వేడిగా ఉన్నప్పుడే మెత్తగా మెదిపి, గోరువెచ్చగా చల్లారాక, కాచి చల్లార్చిన పాలు ధారాళంగా పోసి, ఒక చెంచా పెరుగు మాత్రమే కలపండి. భోజనం వేళకు అది కమ్మగా తోడుకుంటుంది. అన్నం పొగలు కక్కుతుండగా పెరుగు కలిపితే తోడు సరిగా పడదు, వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై అన్నంలోకే దిగుతుంది.

పప్పన్నం సంగతి వేరు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి కనుక, వేడి నిలిపే డబ్బా ఉంటే తప్ప వేసవిలో దానిని పంపకపోవడమే మంచిది. చింతపండు పులిహోర అంతకంటే నయం. అయితే అందులో వేరుశనగ గుళ్లు వేయకండి. అయిదేళ్లలోపు పిల్లలకు అవి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

సగం తిరిగి వస్తోందంటే బాబును కోప్పడవద్దమ్మా. తక్కువ పెట్టి చూడండి. మూత తానే తీయగలుగుతున్నాడో లేదో ఇంట్లో ఒకసారి గమనించండి, ఎందుకంటే బిగుతు మూత తీయలేక, అడగడానికి మొహమాటపడి ఆకలితో కూర్చునే పసివాళ్లు ఉంటారు.