బాలడ్ గాయని కావాలనుకుంటున్న అమ్మాయికి: గొంతును కాపాడుకోవడం గురించి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన రికార్డింగులూ అందాయి. ఇంగ్లిష్ పాప్ సంగీతంలో బాలడ్లు, అంటే ఆ నెమ్మదైన ప్రేమగీతాలు, పాడటాన్నే వృత్తిగా చేసుకోవాలని నిశ్చయించుకున్నానని రాశావు. సెలీన్ డియాన్ పాటలను ఆమె శ్రుతిలోనే, ఆమె అందుకున్న తారస్థాయిలోనే పాడగలుగుతున్నాననీ, ఇక ఏం చేయాలో చెప్పమనీ అడిగావు. గొంతులకు శిక్షణ ఇవ్వడంలోనే జీవితం గడిపినవాడిగా నాకు తోచింది చెబుతాను. ఆమె స్వరాలను అంత శ్రద్ధగా పట్టుకున్నదానివి, ఆమె ఎప్పుడెప్పుడు పాడటం ఆపిందో కూడా అంతే శ్రద్ధగా చూడు. ఆ గొంతు అన్ని దశాబ్దాలు నిలవడానికి కారణం చాలావరకు అక్కడే ఉందని నా నమ్మకం.

ఆమె 1968 మార్చి 30న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో, షార్ల్‌మాన్య్ అనే చిన్న ఊళ్లో, పద్నాలుగు మంది సంతానంలో ఆఖరి బిడ్డగా పుట్టింది. ఇల్లంతా పాడేవాళ్లే. పన్నెండేళ్ల వయసులో ఆమె పాడిన తొలి సొంత పాటను తల్లి తెరేజ్ రాసింది. అన్న జాక్ సాయం చేశాడు. ఇంకో అన్న మిషెల్ దాన్ని క్యాసెట్‌గా రెనే ఆంజెలీల్ అనే మేనేజర్‌కు పంపాడు. ఆయన విని, ఆమె తొలి ఆల్బమ్ కోసం తన ఇంటిని తాకట్టు పెట్టాడు. 1981లో ఆ ఆల్బమ్ వచ్చింది. ఈ కథలో అందరికీ తాకట్టు సంగతే గుర్తుంటుంది. నాకు మాత్రం తల్లి రాసిన పాటే ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ గొంతు ఎక్కడ హాయిగా పలుకుతుందో, ఎక్కడ ఇబ్బంది పడుతుందో పుట్టినప్పటి నుంచి వింటున్న మనిషి రాసిన పాట అది. నువ్వు నాకు పంపినవన్నీ వేరొకరి గొంతును దృష్టిలో పెట్టుకుని తయారైన పాటలు. ముందుగా నీ గొంతుకు సరిపడే పాటలు, కొత్తవి, ఒకటి రెండైనా సంపాదించు. పాటలు రాసే నీ స్నేహితులను పక్కన కూర్చోబెట్టుకుని, నీ మంద్రస్థాయి ఎక్కడ నిండుగా ఉందో వాళ్లకు వినిపించు. పాత పాట పాడాలనుకుంటే శ్రుతిని ఒకటి రెండు మెట్లు దించి పాడటంలో నామోషీ ఏమీ లేదు. వినేవాడికి నీ శ్రుతి ఏదో తెలియదు, నీ ఇబ్బంది మాత్రం తెలుస్తుంది.

మేనేజర్ విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆంజెలీల్ ఆమెకంటే ఇరవయ్యారేళ్లు పెద్దవాడు. 1994లో ఆమె ఆయననే పెళ్లి చేసుకుంది. 2016 జనవరిలో ఆయన చనిపోయేదాకా ఆ బంధం నిలిచింది. వాళ్లకు అది కలిసివచ్చింది. నువ్వు దాన్ని ఆదర్శంగా తీసుకోవద్దు. నీ పాటల లెక్కలు చూసే మనిషీ, నీ మనసుకు దగ్గరైన మనిషీ ఒక్కరే అయితే, తేడా వచ్చిన రోజున నువ్వు ఎవరితోనూ సంప్రదించలేవు. మేనేజర్లు సాధారణంగా రాబడిలో పదిహేను నుంచి ఇరవై శాతం తీసుకుంటారు. అంతకు మించి అడిగినా, ఒప్పందం ఎన్నేళ్లకో స్పష్టంగా రాయకపోయినా, స్వతంత్రంగా ఒక న్యాయవాదికి చూపించకుండా సంతకం చేయవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1982లో టోక్యోలో జరిగిన యమహా పాటల పోటీలో గెలిచి, ఫ్రెంచ్‌లో ఎన్నో ఆల్బమ్‌లు పాడి, 1988లో డబ్లిన్‌లో జరిగిన యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీలో స్విట్జర్లాండ్ తరఫున పాడి ఒకే ఒక్క పాయింటు తేడాతో బహుమతి సాధించాక, ఇంగ్లిష్‌లోకి అడుగుపెట్టబోతున్న సమయంలో, 1989లో, ఒక కచేరీ మధ్యలో ఆమె గొంతు పోయింది. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు. ఆమెను చూసిన గొంతు వైద్యుడు విలియం గౌల్డ్ రెండే దారులున్నాయని చెప్పాడు: వెంటనే శస్త్రచికిత్స చేయించుకోవడం, లేదా మూడు వారాలపాటు స్వరతంత్రులను అసలు వాడకుండా ఉండటం. ఆమె రెండోదాన్ని ఎంచుకుంది. ఆ తరువాత విలియం రైలీ అనే శిక్షకుడి దగ్గర పాడటాన్ని మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. అప్పటికే కొన్నేళ్లుగా వేదికల మీద పాడుతూ, అంతర్జాతీయ బహుమతులు అందుకున్న గాయని, ఊపిరి ఎలా పట్టాలో, గొంతును ఎలా వదులుగా ఉంచాలో ప్రారంభకురాలిలా కూర్చుని సాధన చేసింది. ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ గొంతు, అంటే 1990లో వచ్చిన తొలి ఇంగ్లిష్ ఆల్బమ్ నుంచి మనం వింటున్న గొంతు, ఆ మౌనం తరువాత వచ్చిన గొంతేనన్న మాట మరిచిపోకు. ఆ ఆల్బమ్‌లోని ఒక పాట 1991లో అమెరికాలో పాటల ఆదరణను బట్టి స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానానికి చేరింది.

గొంతు ఎందుకు పోతుందో నీకు వివరంగా తెలిసి ఉండాలి. స్వరతంత్రులు రెండు చిన్న కండర మడతలు; వాటి మీద తడిగా ఉండే పలుచని పొర కదలడం వల్లే నాదం పుడుతుంది. బాలడ్ పతాకస్థాయిలో నువ్వు పట్టే తారస్వరాల్లో అవి సెకనుకు ఐదు వందల సార్లకు పైగా ఒకదానికొకటి తాకుతాయి. ఊపిరి బలం చాలక గొంతును బిగించి అదే స్వరాన్ని నిలబెడితే, ఆ తాకిడి దెబ్బగా మారి వాపు వస్తుంది. వాపు మీద మళ్లీ పాడితే గట్టిపడిన బొడిపెలు వస్తాయి. నీ రికార్డింగుల్లో రెండో పాట చివరి పల్లవిలో నీ గొంతు సన్నగా చీలింది. నీకు అది ఉద్వేగంలా వినిపించి ఉంటుంది. నాకు అది అలసటగా వినిపించింది, అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.

కాబట్టి చేయవలసినవి చెబుతాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒక ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరకు వెళ్లి, స్వరతంత్రులను కెమెరాతో చూసే పరీక్ష చేయించుకుని, ఆ చిత్రాన్ని దాచుకో. రేపు ఏదైనా తేడా వస్తే దేనితో పోల్చి చూడాలో వైద్యుడికి తెలుస్తుంది. పాడే ముందు పెదవులను వణికిస్తూనో, సన్నని గొట్టంలోకి ఊదుతూనో తీసే మృదువైన స్వరాలతో గొంతును వేడి చేసుకో. పాడటం అయ్యాక కూడా అదే పద్ధతిలో నెమ్మదిగా చల్లార్చు. రోజంతా కొద్దికొద్దిగా నీళ్లు తాగుతుండు, ఎందుకంటే తాగిన నీళ్లు తంత్రులను నేరుగా తాకవు, ఒళ్లంతా తడిస్తేనే అవి తడుస్తాయి. గొంతు బొంగురుపోయిన రోజు గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. బలవంతపు గుసగుస కూడా గొంతుకు భారమే, అసలు మాట్లాడకపోవడమే మేలు. ఆస్పిరిన్ వంటి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి కనుక కచేరీకి ముందు వైద్యుడిని అడగకుండా వేసుకోవద్దు. పాడుతూ పాడుతూ ఉండగా ఉన్నట్టుండి గొంతు మూగపోతే, తంత్రిలో రక్తనాళం చిట్లి ఉండవచ్చు. ఎదురుగా ఎంతమంది ఉన్నా అక్కడికక్కడే ఆపేయాలి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఇంటి వైద్యాలు మానేసి పరీక్ష చేయించుకో. శస్త్రచికిత్సతో అంతా సర్దుకుంటుందన్న ధీమా వద్దు. జూలీ ఆండ్రూస్ వంటి మహాగాయని 1997లో చేయించుకున్న శస్త్రచికిత్స తరువాత పాడే గొంతునే కోల్పోయింది.

మైకు గురించి ఒక మాట. బాలడ్ అనే ప్రక్రియ ఇలా రూపుదిద్దుకున్నదే మైకు వల్ల. చెవి దగ్గర చెప్పినంత మెల్లగా పాడినా చివరి వరుసకు వినిపించే వీలు వచ్చాకే ఈ పాటలకు ఆ ఆత్మీయత అబ్బింది. నీ గొంతు నీకే వినపడనప్పుడు తెలియకుండానే గట్టిగా పాడతావు. అందుకని ప్రతి కచేరీకి ముందు మానిటర్‌లో, అంటే వేదిక మీద నీకోసం పెట్టే స్పీకర్‌లో, నీ గొంతు స్పష్టంగా వినిపించేదాకా సౌండ్ చూసే వాళ్లను మర్యాదగా, మొహమాటం లేకుండా అడుగు.

పాట నిర్మాణంలో కూడా ఇదే నిగ్రహం ఉంది. బాలడ్‌లో మొదటి చరణం మాటలా సాగాలి, రెండో చరణానికి ఊపిరి పెరగాలి, చివర్లో శ్రుతి పెంచినప్పుడే నిండు గొంతు బయటకు రావాలి. నువ్వు మొదటి పల్లవిలోనే అంతా ఇచ్చేస్తున్నావు, దానితో చివరికి ఇవ్వడానికి ఏమీ మిగలడం లేదు. సెలీన్ ఇంగ్లిష్ పాటలు మాత్రమే విన్నదానివి కాబట్టి 1995లో ఫ్రెంచ్ గీతకర్త జాన్-జాక్ గోల్డ్‌మన్ ఆమె కోసం పాటలు రాసిన ఫ్రెంచ్ ఆల్బమ్ తెచ్చుకుని విను. గొంతు బలాన్ని ప్రదర్శించడం తగ్గించి సాదాగా పాడమని ఆయన ఆమెను ఒప్పించాడు. ఫ్రెంచ్ భాషలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్ అదే అయింది. గొంతు పెంచితేనే జనం వింటారని నీకు ఎవరైనా చెబితే ఈ ఒక్క ఆల్బమ్ చాలు సమాధానానికి. ఆమె తన మాతృభాష ఫ్రెంచ్‌ను వదిలిపెట్టకపోవడం కూడా నాకు ఎంతో ఇష్టం. 1990లో క్యూబెక్ వాళ్లు ఉత్తమ ఆంగ్ల కళాకారిణిగా బహుమతి ఇవ్వబోతే, తాను ఆంగ్ల గాయనిని కానని వేదిక మీదే తిరస్కరించింది. నీవు కూడా నీ మొదటి శ్రోతలను పోగొట్టుకోకు.

డెమోల విషయంలో, అంటే పాట ఎలా ఉంటుందో వినిపించడానికి పాడే నమూనా రికార్డింగుల విషయంలో, నిర్లక్ష్యంగా ఉన్నావనిపించింది. 'ఇది ఊరికే పాడాను' అని రాశావు. టైటానిక్ సినిమా పాటను సెలీన్ మొదట పాడటానికి ఇష్టపడలేదు. స్వరకర్త జేమ్స్ హార్నర్ కోసం, భర్త ఒప్పించాక, డెమోగా పాడింది. ఆ డెమోలో పాడిన గొంతే తరువాత వాద్యబృందం చేర్చి విడుదలైన పాటలో ఉంది, 1998లో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. ఊరికే పాడిన రికార్డింగును ఎవరికీ పంపకు. గొంతు బాగా లేని రోజున డెమో అడిగితే, తారీఖు మార్చమను.

డబ్బు సంగతి దాపరికం లేకుండా చెబుతాను. ఇతరులు రాసిన పాటలు పాడే గాయనికి రచనా హక్కుల రాబడి ఉండదు. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగినప్పుడు రచయితకూ స్వరకర్తకూ డబ్బు వస్తుంది, పాడినవాళ్లకు రాదు. అందుకే బాలడ్ గాయకులు కచేరీల మీదే ఎక్కువగా ఆధారపడతారు. కచేరీలు ఎక్కువైతే గొంతు అరుగుతుంది. ఈ ముడిని సెలీన్ విప్పుకున్న తీరు గమనించదగ్గది. రెండు ఆల్బమ్‌లు వరుసగా మూడేసి కోట్లకు పైగా అమ్ముడైన దశలో, 1999లో భర్తకు గొంతు క్యాన్సర్ బయటపడ్డాక, 2000 నుంచి 2002 దాకా ఆమె కచేరీలకు విరామం ఇచ్చింది. ఆ విరామంలోనే 2001లో పెద్ద కొడుకు పుట్టాడు. తిరిగి వచ్చాక ఊరూరా తిరగడానికి బదులు, 2003 మార్చి నుంచి 2007 డిసెంబరు దాకా లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్ అనే హోటల్‌లో ఒకే వేదిక మీద 700కు పైగా ప్రదర్శనలు ఇచ్చింది. వెలుగు తగ్గిన కళాకారులు చేరే చోటని అప్పట్లో ఆ ఊరి గురించి అనేవాళ్లు. ఆమె తరువాత ఎందరో అగ్రగాయకులు అదే బాట పట్టారు. విమాన ప్రయాణాల పొడిగాలి లేదు, రోజుకో కొత్త హాలు లేదు, పిల్లవాడు దగ్గరే ఉన్నాడు. కచేరీలకు ముందు మాటలు కూడా మానేసి గొంతుకు విశ్రాంతినిచ్చే అలవాటు ఆమెకు ఉండేది. నీకు అంత పెద్ద వేదిక ఇప్పుడే దొరకదు. అయినా వారానికి ఒకటి రెండు రాత్రులు ఒకే చోట పాడే ఏర్పాటు దొరికితే, ఊరికో కచేరీ చొప్పున వచ్చే ఎక్కువ డబ్బును వదులుకుని దాన్ని పట్టుకో.

జాగ్రత్తలన్నీ పాటించినా శరీరం మన మాట వినని రోజు రావచ్చు. 2022 డిసెంబరులో ఆమె తనకు స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్ అనే అరుదైన నరాల వ్యాధి ఉన్నట్టు ప్రకటించింది. ఆ వ్యాధిలో కండరాలు బిగుసుకుపోతాయి, ఆమెకు అది గొంతు దాకా వచ్చింది. 2024 జులై 26న పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఈఫిల్ టవర్ మీద నిలబడి ఆమె పాడుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. కాని నీ ఉత్తరంలో నీకు చదువు మానేయాలనే ఆలోచన ఉన్నట్టు రాశావు కాబట్టి ఈ విషయాన్ని వేరే కారణంతో ప్రస్తావిస్తున్నాను. చదువు మానవద్దు. గొంతు ఒక ఏడాది విశ్రాంతి అడిగితే ఇవ్వగలిగేటట్టు, పాట మీద ఆధారపడని రాబడి ఏదో ఒకటి నీకు ఉండి తీరాలి. లేకపోతే అద్దె కట్టవలసిన నెలలో వాచిన గొంతుతో వేదిక ఎక్కవలసి వస్తుంది, అలా ఎక్కి పాడు చేసుకున్న మంచి గొంతులను నేను చాలా చూశాను.

ప్రస్తుతానికి పది రోజులు తారస్థాయి పాటలేవీ ముట్టుకోకు. వైద్య పరీక్ష చేయించుకుని ఫలితం నాకు రాయి. అది బాగుంటే, నువ్వు పంపిన రెండో పాటనే రెండు మెట్లు కింద శ్రుతిలో, మొదటి పల్లవి సగం గొంతుతో పాడి మళ్లీ పంపు. ఊపిరి ఎక్కడెక్కడ తీసుకున్నావో సాహిత్యం కాగితం మీద గుర్తులు పెట్టి దానితో జతచేయి; అవి చూశాక సాధన క్రమం రాసి పంపుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే మాస్టారు