నెలసరి చందా కట్టకుండా ఫొటోగ్రాఫర్ ఇంటి కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్లు ఉంచుకోవాలి?

కొత్తగా 24 మెగాపిక్సెల్ కెమెరా కొన్నానని, ఇంట్లో 8 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ కంప్యూటర్ ఉందని, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ అనే ప్రోగ్రాముకు నెలనెలా చందా కట్టడం ఇష్టం లేదని రాశారు. దానికి బదులు ఏ ఎడిటర్ వాడాలని అడిగారు. ఎడిటర్ పేరు చెబుతాను, కాకపోతే కొంచెం ఆగి చెబుతాను. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని భీమిలి వైపో అరకు వైపో బయలుదేరే మిత్రులు విశాఖలో నాకు చాలామంది ఉన్నారు. వాళ్ల కంప్యూటర్లలో నేను చూసిన లోటు ఎడిటర్ కాదు. కావలసిన ఫొటో ఎక్కడుందో తెలియదు, ఒకే ఫొటోకు నాలుగు నకళ్లుంటే అసలుది ఏదో తేలదు, ఉన్న ఒక్క డిస్కూ పాడైతే ఇక ఏమీ మిగలదు. రంగులు దిద్దే ప్రోగ్రాముల గురించి గంటలకొద్దీ చర్చలు జరుగుతాయి. ఫైళ్లను మోసి, పేర్లు పెట్టి, దాచిపెట్టే చిన్న ప్రోగ్రాముల ఊసు ఎవరూ ఎత్తరు. అందుకే వాటితో మొదలుపెడతాను.

కార్డులోని ఫొటోలను కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడానికి టెరాకాపీ వాడండి. సొంత అవసరాలకు ఉచితం. కాపీ పూర్తయ్యాక అసలు ఫైలునూ నకలునూ మళ్లీ చదివి, రెండూ ఒకటేనా కాదా అని సరిచూసే సదుపాయం ఇందులో ఉంది. విండోస్ తన మానాన చేసే కాపీలో ఆ తనిఖీ ఉండదు. సరిచూడడం పూర్తయ్యే వరకు కార్డును ఫార్మాట్ చేయకండి.

తరవాత పేర్లు. కెమెరా పెట్టే వరస సంఖ్య 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. అంటే కొన్నాళ్లకు ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫొటోలు తయారవుతాయి, ఒకదాన్ని మరొకటి మింగేసే ప్రమాదమూ వస్తుంది. ఫొటో తీసిన తేదీ, సమయమే పేరుగా ఉంటే ఆ గొడవ లేదు. డిజికామ్ అనే ఉచిత ప్రోగ్రాములో వందల ఫైళ్లకు ఒకేసారి అలా పేర్లు మార్చవచ్చు. ఫోల్డర్లకు మాత్రం ముందు సంవత్సరం, నెల, రోజు, ఆ పక్కన ఊరి పేరు పెట్టండి. ఆ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటేనే మేలు, ఎందుకంటే విండోస్‌లో నడిచే కొన్ని పాత పనిముట్లు తెలుగు పేర్లున్న ఫోల్డర్ల దగ్గర తడబడతాయి.

తెలుగు ముచ్చట తీర్చుకోవడానికి ట్యాగులు ఉన్నాయి. డిజికామ్‌లో ప్రతి ఫొటోకూ తెలుగులోనే ట్యాగులు తగిలించవచ్చు: సింహాచలం, చందనోత్సవం, ఎర్రమట్టి దిబ్బలు, మరపడవలు, అమ్మమ్మ. మనుషుల ముఖాలను గుర్తుపట్టే సదుపాయమూ ఉంది, ఆ పనంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, ఫొటోలు ఏ కంపెనీ సర్వరుకూ వెళ్లవు. సెట్టింగుల్లో ఒకటి తప్పక మార్చుకోండి: ట్యాగులు డిజికామ్ సొంత డేటాబేస్‌లోనే కాకుండా, ఫైలులో గానీ దాని పక్కన ఉండే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలులో గానీ రాసేలా టిక్కు పెట్టండి. రేపు డిజికామ్‌ను వదిలేసి మరొకటి పట్టుకున్నా అప్పుడు మీ శ్రమ మీ దగ్గరే ఉంటుంది.

ఏరివేత గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళితే పడవలు, బుట్టలు, వేలంపాట కేకలు, కాకులు అన్నీ ఒకేసారి కనిపించి వేలు షట్టర్ మీద నుంచి లేవదు. ఇంటికొచ్చేసరికి కార్డు నిండిపోయి ఉంటుంది. వలలో పడినదంతా అక్కడ ఎవరూ బుట్టకెత్తరు, ముందు ఏరతారు. ఫొటోలకూ అంతే. ఈ పని ఎడిటర్‌లో చేయబోతే విసుగు పుడుతుంది, ఎందుకంటే ఒక్కో రా ఫైలును, అంటే కెమెరా దిద్దకుండా దాచిన ముడి ఫొటోను, పూర్తిగా విప్పి చూపించడానికి దానికి సమయం పడుతుంది. ఫాస్ట్‌స్టోన్ ఇమేజ్ వ్యూయర్ ఇంటి వాడకానికి ఉచితం. రా ఫైలులో కెమెరా ముందే దాచిపెట్టిన జేపెగ్ నమూనాను అది చూపించగలదు కాబట్టి పాత కంప్యూటర్‌లోనూ ఫొటోలు చకచకా కదులుతాయి. నాలుగు ఫొటోలను పక్కపక్కన పెట్టి ఒకే చోట పెద్దవి చేసి చూడవచ్చు, ఎవరి కళ్లు మూసుకున్నాయో ఏది కదిలిందో అక్కడే తేలిపోతుంది. విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకు ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ ఉంది.

ఇక ఎక్సిఫ్‌టూల్, ఫొటో లోపల దాగి ఉండే తేదీ, చోటు లాంటి వివరాలను మార్చే ప్రోగ్రాము. ఫిల్ హార్వే అనే ఆయన 2003 నుంచి దీన్ని తయారుచేసి ఉచితంగా ఇస్తూ వస్తున్నారు. దీనికి బొమ్మలు, బటన్లు ఏమీ లేవు, నల్లటి కిటికీలో ఆదేశాలు టైపు చేయాలి. భయపడకండి, మీకు అవసరమయ్యేవి రెండు మూడు ఆదేశాలే, ఒకసారి రాసిపెట్టుకుంటే చాలు. పెళ్లిలో ఇద్దరు ఫొటోలు తీస్తే, ఒక కెమెరా గడియారం పది నిమిషాలు వెనకబడి ఉంటే, తలంబ్రాలు జీలకర్ర బెల్లం కంటే ముందే వచ్చేస్తాయి. అలాంటప్పుడు ఆ కెమెరా ఫొటోలన్నిటినీ ఒక్క ఆదేశంతో పది నిమిషాలు ముందుకు జరపవచ్చు. ఇంట్లో పిల్లల ఫొటోలు బయట పెట్టేముందు వాటిలోని జీపీఎస్ వివరాలు తుడిచేయడానికీ ఇదే వాడతాను.

ఇప్పుడు ఎడిటర్. నా ఓటు డార్క్‌టేబుల్‌కు. 2009లో లినక్స్ మీద మొదలైంది, 2017 చివర్లో విండోస్‌కూ వచ్చింది. పూర్తిగా ఉచితం. అసలు రా ఫైలును ముట్టుకోదు, మీరు చేసిన మార్పులన్నీ పక్కన ఎక్స్‌ఎంపీ ఫైలులో రాసుకుంటుంది. ఫొటోను మరో చోటికి మారిస్తే ఆ ఫైలును కూడా వెంట తీసుకెళ్లడం మరవకండి.

దీనికి ఓపిక కావాలి. తెరవగానే కనిపించే మాడ్యూళ్ల (ఒక్కో దిద్దుబాటుకు ఒక్కో పనిముట్టు) జాబితా చూసి చాలామంది అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. మనకు కావలసినవి కొన్నే. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, మనం ఎదురు వెలుగులో తీస్తాం, ఆకాశం తెల్లగా పేలిపోతుంది లేదా పడవలు నల్లటి ముద్దలవుతాయి. ఆకాశం చెడకుండా కొంచెం చీకటిగా తీసి, ఇంటికొచ్చాక టోన్ ఈక్వలైజర్ అనే మాడ్యూల్‌తో నీడలు మాత్రం పైకి లేపండి. మొత్తం వెలుగును సిగ్మాయిడ్ అనే మాడ్యూల్ సర్దుతుంది. ఒరిగిన సముద్రపు గీతను సమంగా చేయడానికి రొటేట్ అండ్ పర్‌స్పెక్టివ్, లెన్స్ వంకర్లు తీయడానికి లెన్స్ కరెక్షన్. ఇవి నాలుగూ వచ్చాక మిగతావి మెల్లగా నేర్చుకోవచ్చు.

హేజ్ రిమూవల్ అని మరొకటి ఉంది. కైలాసగిరి మీద నుంచి తీసిన ఫొటోల్లో ఉప్పుగాలి పొర తెల్లగా పరుచుకుని ఉంటుంది కదా, దానికి ఇది బాగా పనిచేస్తుంది, కొద్దిగా వాడితేనే. ఎక్కువైతే ఆకాశం మురికిగా, సముద్రం సిరాలా తయారవుతుంది. లంబసింగి, వంజంగి ఫొటోల మీద దీన్ని ప్రయోగించేవాళ్లను చూశాను. మంచు కోసమే అర్ధరాత్రి లేచి అంత దూరం వెళ్లి, తీరా ఇంటికొచ్చి దాన్ని తుడిచేయడం ఏమిటో నాకు అంతుపట్టదు.

డార్క్‌టేబుల్ మింగుడు పడకపోతే రాథెరపీ చూడండి, అదీ ఉచితమే. అదీ వద్దనుకుంటే మీ కెమెరా కంపెనీ ఇచ్చే ప్రోగ్రాము ఎలాగూ ఉంది: నికాన్‌కు ఎన్‌ఎక్స్ స్టూడియో, కెనాన్‌కు డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్. కెమెరా తెర మీద చూసిన రంగులే కావాలంటే వీటిని మించినవి లేవు. ఆకాశంలో మచ్చ తీయడం దాకా డార్క్‌టేబుల్ చాలు. రెండు ఫొటోలు కలపాలన్నా, మీద అక్షరాలు రాయాలన్నా గింప్. 2025 మార్చిలో వచ్చిన దాని 3.0 వర్షన్‌లో ఫిల్టర్లను తరవాత కూడా మార్చుకునే వీలు కల్పించారు, అంతకుముందు వెనక్కి రావడం కష్టంగా ఉండేది. పొడవాటి తీరాన్ని నాలుగైదు ముక్కలుగా తీసి అతకడానికి హ్యూజిన్. తీసేటప్పుడు ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మార్చకుండా, ఒక్కో ఫొటో పక్కదానితో మూడోవంతు కలిసేలా తీయండి.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి, పెళ్లి ఆల్బమ్ అట్ట మీద పేర్లు రాసేటప్పుడు ఒత్తులు విడిపోయి కనిపించడం మీరూ చూసే ఉంటారు. గింప్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ రెండూ యూనికోడ్ తెలుగును ఒత్తులతో సహా సరిగ్గా కూరుస్తాయి. పాత ఫొటోషాప్‌లో అయితే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషలకు పనికొచ్చే ఇంజిన్ ఎంచుకోవాలి. రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ప్రింటు నల్లగా వచ్చిందని ల్యాబ్‌తో వాదించేముందు మీ మానిటర్ వెలుగు తగ్గించి చూడండి. చాలా మానిటర్లు దుకాణం నుంచి వచ్చేటప్పుడు కళ్లు చెదిరేంత వెలుగుతో వస్తాయి, దాని ముందు కూర్చుని దిద్దిన ఫొటో కాగితం మీద చీకటిగానే ఉంటుంది. ల్యాబ్ ప్రత్యేకంగా మరొకటి అడగకపోతే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో జేపెగ్ ఇవ్వండి. 12 అంగుళాలకు 18 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600కు 5400 పిక్సెళ్లు కావాలి, మీ కెమెరా ఫొటోను కాస్త కత్తిరించినా సరిపోతుంది.

ఇక దాచుకోవడం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. కంప్యూటరూ బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద ఉంటే అది బ్యాకప్ కాదు. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాలు, ఒకటి మరో చోట. ఆ మరో చోటు ఇదే ఊళ్లో మధురవాడలోని స్నేహితుడి ఇల్లు కాకుండా రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న బంధువుల బీరువా అయితే మంచిది. తుఫాను వస్తే మధురవాడకూ వస్తుంది.

డిస్కుల మధ్య కాపీకి ఫ్రీఫైల్‌సింక్ చాలు. అందులో మిర్రర్ అనే పద్ధతి జాగ్రత్త: ఇక్కడ పొరపాటున చెరిపేసినవి అక్కడా చెరిగిపోతాయి. అప్‌డేట్ పద్ధతి వాడండి, చెరిపినవి, మారినవి వేరే ఫోల్డర్‌లో ఉంచే వర్షనింగ్ కూడా పెట్టుకోండి.

కార్డే చెడిపోతే లేదా పొరపాటున ఫార్మాట్ అయితే, వెంటనే అందులో తీయడం ఆపేసి ఫొటోరెక్ నడపండి. అది కార్డు మీద ఏమీ రాయదు, దొరికినవాటిని మరో డిస్కులోకి తీస్తుంది. ఫైళ్ల పాత పేర్లు పోతాయి, కానీ తీసిన తేదీ ఫొటో లోపలే ఉంటుంది కాబట్టి డిజికామ్‌తో మళ్లీ పేర్లు పెట్టేసుకోవచ్చు.

మీ 8 జీబీ ర్యామ్‌తో ఇవన్నీ నడుస్తాయి, 16 ఉంటే డార్క్‌టేబుల్ హాయిగా ఉంటుంది. డబ్బు పెట్టగలిగితే ముందు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కు మీద పెట్టండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కంప్యూటర్ 11కు పనికిరాకపోతే లినక్స్ వేసుకోవచ్చు, పైన చెప్పినవాటిలో టెరాకాపీ, ఫాస్ట్‌స్టోన్, కెమెరా కంపెనీల ప్రోగ్రాములు, ఫొటోషాప్ తప్ప అన్నీ అక్కడా ఉన్నాయి.

కెమెరా మోడల్ ఏమిటో మీరు రాయలేదు. మరీ కొత్తదైతే డార్క్‌టేబుల్ దాని రా ఫైళ్లను ఇంకా చదవకపోవచ్చు, వాళ్ల సైట్‌లో కెమెరాల జాబితా ఉంటుంది, చూసుకోండి. అందులో లేకపోతే అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో ఆ ఫైళ్లను డీఎన్‌జీ అనే రకానికి మార్చి తెరిచి చూడండి. మోడల్ పేరు రాస్తే నేనూ చూసి చెబుతాను.