మంగుళూరు పెంకులు అనాదిగా మన దగ్గర ఉన్నవేనా?

కాదు, కింద మేకులాంటి కొక్కెం, అంచున గాడి ఉండే బల్లపరుపు మంగుళూరు పెంకు వయసు సుమారు 160 ఏళ్లే. అంతకు ముందు నుంచీ ఉన్నది గూన పెంకు.

గూన పెంకును కుమ్మరి సారె మీద చేసేవాడు. మట్టిని గొట్టంలా లేపి, పచ్చిగా ఉండగానే నిలువుగా చీల్చితే రెండు పెంకులు. కప్పు మీద ఒక వరుస వెల్లకిలా, దాని సందుల మీద ఇంకో వరుస బోర్లా. కట్టు, మేకు ఏమీ లేవు, బరువే ఆధారం. కోతి ఒక్కటి గెంతినా జరిగిపోతాయి, అందుకే ఏటా వానలకు ముందు సర్దించుకునేవారు.

ఒకదానిలో ఒకటి ఇమిడే పెంకుకు 1841లో ఫ్రాన్స్‌లో జిలార్డోని సోదరులు పేటెంట్ తీసుకున్నారు. ఆ తరహా పెంకును 1865లో బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ మిషనరీ సంస్థ మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టి యంత్రం మీద అచ్చువేయడం మొదలుపెట్టింది. కొక్కెం కప్పు కింది కర్ర బద్దెను పట్టుకుంటుంది, గాడి పక్క పెంకును పట్టుకుంటుంది. పెంకు మీద పెంకు ఎక్కే భాగం తక్కువ కాబట్టి కప్పు బరువూ తగ్గుతుంది.

ఉదాహరణకు, పాత గూన పెంకుల మండువా ఇంటికి రిపేరు పేరుతో మంగుళూరు పెంకు వేస్తే బద్దెల ఎడం, చూరు వంపు అన్నీ మారిపోతాయి. ఇల్లు గట్టిగానే ఉంటుంది, కానీ పాత రూపం పోయినట్టే.

చాలామంది వీటిని ‘బెంగుళూరు పెంకులు’ అంటారు. ఆ పేరుకు బెంగుళూరుతో సంబంధం లేదు, మన దగ్గర తయారీ మొదలైంది మంగుళూరులోనే. అలాగని ఇవి వారసత్వం కిందికి రావనుకోవడమూ పొరపాటే. వీటితో కట్టిన పాత రైల్వే స్టేషన్లు, బడులు ఆ కాలపు నిర్మాణానికి అసలైన గుర్తులు.