ఆ ఏబీఎస్ లైటు ఆరేదాకా ఊరికి బయల్దేరొద్దు

చిరంజీవి సౌమ్యకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు సెకండ్‌హ్యాండులో బండి కొన్నావని, మే నెలలో సెలవు దొరగ్గానే బెంగళూరు మారతహళ్లి నుంచి అనంతపురం దాకా ఒక్కదానివే దాని మీద పోతావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కాసేపు ఏడ్చింది, కాసేపు మురిసింది. నా పరిస్థితీ అంతే. మన ఇళ్లల్లో గేరు బండి నడిపిన మొదటి ఆడపిల్లవి నువ్వు. వద్దని నా నోటితో అనను, అననివ్వను కూడా. మీ అమ్మకు సర్దిచెప్పే పని నాది.

కానీ నువ్వు పంపిన మీటరు ఫోటో కింద రాసిన ముక్క చూశాక నాకు నిద్ర పట్టలేదు. "బ్రేకులు బాగానే పడుతున్నాయి మామయ్యా, ఏబీఎస్ లైటు ఒక్కటే ఆరడం లేదు, ఊరెళ్లొచ్చాక చూపిస్తాలే" అన్నావు. ఆ "వెళ్లొచ్చాక" అన్న మాటకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సరే సరే అని పెట్టేస్తావు. కూర్చుని చదువు.

ముందు ఆ లైటు సంగతి. ఏబీఎస్ అంటే బ్రేకు ఎంత గట్టిగా పట్టినా చక్రం తిరగడం ఆగిపోయి జారకుండా చూసే ఏర్పాటు. కీ ఆన్ చేయగానే అది వెలగాలి. బండి నిలబడి ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది, అది తప్పు కాదు. చక్రాలు తిరిగితే గానీ సెన్సర్లు పనిచేస్తున్నాయో లేదో లోపలి కంప్యూటరుకు తెలియదు. బండి కదిలి గంటకు 5, 10 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి, అంటే నువ్వు మీ వీధి మలుపు తిరిగేలోపే, ఆరిపోవాలి. ఆరకపోయినా, దారిలో మళ్లీ వెలిగినా, ఏబీఎస్ తనను తాను ఆపేసుకుందని అర్థం. మామూలు బ్రేకు అలాగే ఉంటుంది. లీవరు నొక్కితే నూనె ఒత్తిడి ప్యాడ్ల దాకా పోతుంది, బండి ఆగుతుంది. అందుకే నీకు తేడా తెలియలేదు.

ఇంకో సంగతి, సెకండ్‌హ్యాండు బండి కాబట్టి చెబుతున్నా. కీ తిప్పినప్పుడు ఆ లైటు అసలు వెలగకపోతే ఇంకా ఎక్కువ భయపడాలి. అమ్మేవాళ్లు కొందరు లైటు కనెక్షనే పీకేస్తారు. నీ బండిలో వెలుగుతోంది కాబట్టి అమ్మినవాడు ఆ పని చేయలేదు, అంతవరకూ నయం.

హెల్మెట్టు, గ్లవ్స్, కాగితాలు, టైర్లలో గాలి, చైనుకు నూనె. ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే కడప కుర్రాడొకడు బండి బాగుకు మన మెకానిక్ షెడ్డుకే వచ్చేవాడు. బంగారం లాంటి పిల్లవాడు, ఆయిల్ మార్పించడం ఒక్కరోజు ఆలస్యం చేసేవాడు కాదు. ఒకసారి దారిలో వెనక చక్రం పంక్చరైతే ఎక్కడో రోడ్డు పక్కన వేయించుకున్నాడు. చక్రం ఊడదీసి బిగించడంలో సెన్సరుకు దెబ్బ తగిలింది. ఆ రోజు నుంచి లైటు ఆరలేదు. నాకు చూపించాడు. బండి వదిలిపెట్టు, ఒక పూట చాలు అన్నాను. ఆఫీసు ఉంది, వచ్చే వారం అన్నాడు. వచ్చే వారం రాలేదు. రాత్రిపూట ఆ లైటు కళ్లలో కొడుతోందని దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించుకున్నాడు. ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ లేదు. పొడి రోడ్డు మీద, ఎదురుగా ఏదీ అడ్డం రానంతకాలం, ఏబీఎస్ ఉన్న బండికీ లేని బండికీ తేడా ఏముంటుంది?

తొలి వాన పడిన సాయంత్రం హోసూరు రోడ్డులో బొమ్మనహళ్లి దాటాక ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. వాడు ముందు బ్రేకు పిడికిలి బిగించి పట్టేశాడు. సౌమ్యా, ఇక్కడ ఆగి జాగ్రత్తగా చదువు. వాడు బండి నేర్చుకున్నదే ఏబీఎస్ బండి మీద. అవసరం వస్తే గట్టిగా పట్టేయ్, మిగతాది బండి చూసుకుంటుంది అని వాడి చెయ్యి నేర్చుకుంది. ఏబీఎస్ ఉంటే అది సరైన పనే. చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టుందనుకుని కాలు వేసినట్టు, లేని ఏబీఎస్‌ను నమ్ముకుని వాడి చెయ్యి బ్రేకు పట్టింది. ముందు చక్రం తిరగడం ఆగిపోయింది, తడి రోడ్డు మీద జారింది, మనిషి కుడి భుజం మీద పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. వెనక వచ్చే బస్సు డ్రైవరు చూసి ఆపాడు కాబట్టి మనిషి మిగిలాడు.

బండిని టాటా ఏస్‌లో ఎక్కించి షెడ్డుకు తెచ్చారు. మీటరు మీద ఆ టేపు ఇంకా అంటుకునే ఉంది, అంచులు ఎండకు ముడుచుకుపోయి, జిగురులో దుమ్ము పట్టి. గోరుతో లాగి కీ తిప్పాను. కింద లైటు వెలుగుతోంది. వెనక చక్రం దగ్గర చూస్తే సెన్సరు బ్రాకెట్టు కాస్త వంగింది, అంతే. డిస్కు పక్కన పళ్లున్న రింగు ఉంటుంది కదా, దానికీ సెన్సరుకూ మధ్య మిల్లీమీటరు అటూఇటూ ఎడమే ఉండాలి, అది పెరిగిపోయింది. ఆ పళ్లను లెక్కపెట్టే సెన్సరుకు అవి అందకుండా పోయాయి. వెనక సెన్సరు చెడితే ముందు చక్రానిక్కూడా ఏబీఎస్ మానేస్తుంది చాలా బళ్లలో. బ్రాకెట్టు సరిచేసి, రింగు తుడిచి ఒక రౌండు తిప్పాను, లైటు ఆరిపోయింది. కొత్త సామాను ఒక్కటీ కొనలేదు.

అప్పటినుంచి బెంగళూరులో మొదటి వాన అంటేనే నాకు భయం. ఎండాకాలమంతా రోడ్డు మీద కారిన ఆయిలు, టైర్ల రబ్బరు, దుమ్ము కలిసి ఆ తొలి జల్లుకు పైకి తేలుతాయి. అర్ధగంట గట్టిగా కురిసి కొట్టుకుపోతే మేలు, సన్న తుంపరే ప్రమాదం. జీబ్రా గీతల పెయింటు, మెట్రో పనుల దగ్గర పరిచే ఇనప రేకులు, ఫ్లైఓవరు మీద అతుకులు, వీటి మీద బ్రేకు పట్టాల్సి వస్తే చక్రం ఆగిపోవడానికి రెప్పపాటు చాలు. నువ్వు బయల్దేరేది మే నెలలో. సాయంత్రాలు ఉరుములతో వాన పడే రోజులవి. నీ బుద్ధికి ఇది ముందే తట్టాల్సింది. ఇంజినీరింగు చదివిన పిల్లవి, హెచ్చరిక లైటు చూసి "ఒక్కటే కదా" అనుకుంటావా?

కోప్పడుతున్నాననుకోకు. మీ అమ్మను ఈ భయాలతోనే నా యెజ్డీ వెనక కూర్చోబెట్టుకుని తిప్పాను. మైసూరులో తయారైన బండి, రెండు వైపులా డ్రమ్ము బ్రేకులే. హిందూపురం నుంచి లేపాక్షి పోతూ వంక నీళ్లలో దిగితే డ్రమ్ములోకి నీళ్లు పోయి బ్రేకు అసలు పట్టేది కాదు. పైకొచ్చాక బ్రేకు సన్నగా నొక్కిపెట్టి కొంతదూరం నడిపితే ఆ వేడికి ఆరి మళ్లీ పట్టేది. మీ అమ్మ నా చొక్కా వెనక పట్టుకుని "బ్రేకు ఉందా అన్నా, బ్రేకు ఉందా" అని అడుగుతూనే ఉండేది. మా తరం చేతులకు ఏ సాయమూ లేదు కాబట్టి లీవరును మెల్లగా మొదలుపెట్టి క్రమంగా బిగించడం దానంతటదే వచ్చింది. నీ తరం వేరు. 125 సీసీ దాటిన బళ్లకు 2018 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లలో, 2019 ఏప్రిల్ నుంచి అన్నిటిలోనూ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మంచిదే, ఎన్నో ప్రాణాలు నిలబెట్టే సాధనం. అది ఉందని చెయ్యి నమ్మినప్పుడు అది ఉండి తీరాలి, అంతే నా బాధ.

నీ బండిలో కారణం ఏమై ఉంటుందో చూడకుండా చెప్పలేను. సెన్సరు మీద మట్టి పట్టి ఉండొచ్చు, రింగు వంగి ఉండొచ్చు, వైరు ఫోర్కు దగ్గర నలిగి ఉండొచ్చు, ఫ్యూజు పోయి ఉండొచ్చు. బ్యాటరీ నీరసించినా ఆ లైటు వస్తుంది, పాత బండి కదా. నువ్వు సెంటర్ స్టాండు మీద వేసి చైను శుభ్రం చేస్తూ వెనక చక్రం తిప్పి ఉంటే, ముందుది ఆగి వెనకది తిరగడం చూసి తేడా ఉందనుకుని వెలిగి ఉండొచ్చు. అదైతే కీ ఆపి మళ్లీ ఆన్ చేసి ఒక వీధి నడిపితే పోతుంది. ఇది మాత్రం ఇవాళే చేసి చూడు. కొన్ని బళ్లలో వెనక చక్రానికి ఏబీఎస్ ఆపుకునే మీట ఉంటుంది, ఆపితే లైటు మినుకుమంటుంది. పుస్తకంలో నీ మోడల్‌కు ఏముందో చదువు. ఇవేవీ కాకపోతే నువ్వు విప్పొద్దు. బ్రేకు నూనె ఒత్తిడిని తగ్గించి పెంచే ఏబీఎస్ మోడ్యులేటరు జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు.

బ్రేకు ఆయిలు కూడా మార్చేద్దాం. అది గాల్లో తడిని పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. డబ్బా మూత మీద ఏ గ్రేడు రాసుంటే అదే పోయాలి.

లైటు ఆరాక ఒక పని చేయాలి, నేను పక్కనే ఉంటాను. ఖాళీ చోటు చూసి, బండి నిటారుగా ఉంచి, తక్కువ వేగంలో బ్రేకు గట్టిగా పట్టాలి. లీవరు వేళ్ల కింద టకటకమని కొట్టుకుంటుంది. మొదటిసారి అందరూ ఉలిక్కిపడి వదిలేస్తారు. వదలకూడదు, బండి ఆగేదాకా పట్టే ఉంచాలి. ఆ కొట్టుకోవడం నీ వేళ్లకు పరిచయమయ్యాకే నిన్ను హెబ్బాళ దాటనిస్తాను. ఒక మాట గుర్తుంచుకో, మలుపులో వంగి ఉన్నప్పుడు మామూలు ఏబీఎస్ నిన్ను పూర్తిగా కాపాడలేదు. మలుపుకు ముందే వేగం తగ్గించు. ఇసుక మీద ఏబీఎస్ ఉంటే బండి ఇంకా ఎక్కువ దూరం పోయి ఆగొచ్చు. బాగేపల్లి దాటాక సర్వీసు రోడ్ల అంచున ఇసుక ఉంటుంది, అక్కడ ముందు బండికి ఎడం ఎక్కువ పెట్టుకో.

తెల్లవారుజామున బయల్దేరితే చిక్కబళ్లాపురంలో ఇడ్లీ తిని, కొడికొండ దగ్గర ఒకసారి ఆగి, ఎండ ముదిరేలోపు ఇంటికి చేరతావు. 200 కిలోమీటర్ల పైచిలుకు దారి, తొందరేం లేదు. సాయంత్రం బయల్దేరుతానంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఆదివారం పొద్దున్నే బండి విల్సన్ గార్డెన్‌కు తీసుకురా. వాన పడుతుంటే రావద్దు, నేనే మనిషిని పంపి ఎక్కించుకుంటాను. వచ్చేటప్పుడు సిల్క్ బోర్డు రద్దీ లేని వేళ చూసుకో, ముందు బండికి రెట్టింపు ఎడం ఉంచు, బ్రేకు మెల్లగా పిండు. స్కానరు పెట్టి కోడ్ చదివితే ఏ చక్రమో అక్కడే తెలిసిపోతుంది. అత్తయ్య నీకిష్టమని ఉగ్గాని, బజ్జీ చేస్తానంటోంది. ఫోటోలో కుడి అద్దం కూడా వదులుగా ఉన్నట్టుంది, దాన్నీ బిగిస్తాను.

మీ మామయ్య